నిచ్చెన లేని పక్క

పోలీసు కెప్టెన్ లొసూర్దో తలుపు మీది సీలు చింపి, చేతి గడియారం చూసుకున్నాడు.

"పన్నెండింటికి కరెంటు మెయిన్ ఆపేసి గది అప్పగించేస్తాం, మాజీ ఇన్‌స్పెక్టర్ గారూ. ఈలోగా మీరు వెతుక్కునేదేదో వెతుక్కోండి."

'మాజీ' అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు. డెల్ఫీనా మరంగోన్ గారు పట్టించుకోలేదు. "గంట చాలు," అని లోపలికి నడిచారు. ఆవిడ వెనక నీవెస్ వెళ్ళింది. నీవెస్ పక్కన కాపలాగా వచ్చిన మహిళా కానిస్టేబులు వెళ్ళింది. చివరికి నేను మిగిలాను.

గుమ్మం దగ్గర ఆగాను. నా భార్య ఎర్సీలియా చనిపోయిన గది అది. మూడు వారాల తరువాత మొదటిసారి అందులో అడుగు పెట్టబోతున్నాను. నేను ఆగినా ఎవరూ తొందరపెట్టలేదు. కెప్టెన్ కూడా గడియారం వైపు మళ్ళీ చూడలేదు. అందుకు అతనికి మనసులోనే కృతజ్ఞతలు చెప్పుకుని లోపలికి వెళ్ళాను.

ఆ గురువారం సాయంత్రం ఎర్సీలియా ఈ గదిలో ఒంటరిగా ఉండిపోయింది. మర్నాడు ఊడ్చడానికి వచ్చిన మనిషి ఆమెను రాతిబల్ల పక్కన చూసింది. తల వెనక భాగం బల్ల అంచుకు తగిలింది. ఏడున్నర ప్రాంతంలో దెబ్బ తగిలిందనీ, తరువాత మరో అరగంట ప్రాణం ఉండి ఉండవచ్చనీ డాక్టరు రాశారు. తలుపు కార్డుతోనే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం వాడినవి రెండే కార్డులు. ఒకటి ఎర్సీలియాది, రెండోది ఆమె దగ్గర పనిచేసే నీవెస్‌ది. కొత్తగా కనిపెట్టిన దాని మీద ఎవరి పేరు ఉండాలన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగిందనీ, నీవెస్ తోసిందనీ కెప్టెన్ తేల్చాడు. అప్పటి నుంచి ఆ పిల్లను ఇల్లు కదలనివ్వడం లేదు. జైలుకు పంపాలో వద్దో ఈ సాయంత్రం పావియా కోర్టులో జడ్జి నిర్ణయిస్తారు.

నీవెస్ ప్రతి ఆదివారం మా ఇంట్లో భోంచేసేది. పొలెంటా, అదే మొక్కజొన్న సంకటి, అడుగంటితే ఆ మాడు చెక్క కోసం ఎర్సీలియాతో పోట్లాడేది. వాళ్ళిద్దరూ దేనికైనా పోట్లాడారంటే నాకు తెలిసి అదొక్కదానికే.

అందుకే మరంగోన్ గారి దగ్గరకు వెళ్ళాను. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై, ఇప్పుడు వకీళ్ళ తరఫున పరిశోధన చేస్తున్నారు. నేను సగం చెప్పేలోగానే కోటు తొడుక్కున్నారు. "మా అబ్బాయి ఎలీజియోకి గడియారం చూడటం నేర్పింది మీరు, మాస్టారూ. ఇవాళ వాడు పావియాలో లోకల్ రైలు నడుపుతున్నాడు. ఒక్క నిమిషం ఆలస్యం కాడు," అన్నారు.

గది చిన్నది. మధ్యలో రాతిబల్ల. నేల అదురు తగలకుండా దాని కాళ్ళ కింద గాలి తిత్తులున్నాయి. బల్ల మీద గాజుమూత ఉన్న ఉక్కు డబ్బా, దాని పక్కన తెర ఉన్న మిషను. డబ్బాలోని గాలిని పీల్చేసే పంపు సన్నగా రొద చేస్తోంది. సీలు వేసేటప్పుడు పోలీసులు దేన్నీ ఆపలేదు.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు," అన్నారు మరంగోన్ గారు. "నీవెస్, నువ్వు ఆ రోజు ఎన్నింటికి వెళ్ళిపోయావు?"

"ఆరు దాటాక. మేడం ఇంకాసేపు ఉంటానన్నారు."

"ఆరు దాటాక అని ఈ అమ్మాయి అంటోంది," అన్నాడు కెప్టెన్. "లోపలికొస్తే తలుపు ఆ కార్డుని రాసుకుంటుంది, బయటికెళ్తే రాసుకోదు. కాబట్టి ఏడైనా ఆరే, ఎనిమిదైనా ఆరే."

"లోపలున్నవాళ్ళు తలుపు తీస్తే వచ్చేవాడికి కార్డే అక్కర్లేదు. ఆ సంగతి కూడా నీకు తెలుసుగా, లొసూర్దో?"

"తెలుసు. వచ్చినవాడెవరో మటుకు తెలీదు. మీకు తెలిస్తే చెప్పండి."

మరంగోన్ గారు నీవెస్ వైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వు వెళ్ళేటప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకో. ఇప్పుడు చూడు. ఏం మారింది?"

నీవెస్ చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది. తెర ముందు ఆగిపోయింది.

"కింద ఉంది," అంది.

"ఏది కింద ఉంది?"

"ఊపు. నేను వెళ్ళేటప్పటికి పైన ఉంది. కింద పడితే అలారం మోగాలి. అదీ మోగడం లేదు."

"మూడు వారాలు మోగి మోగి గొంతు పోయిందేమో," అన్నాడు కెప్టెన్.

"దానికి గొంతు పోదు సార్. ఎవరో కావాలని ఆపారు."

"ఎక్కడ ఆపుతారో పైకి చెప్పకు. నా చెవిలో చెప్పు," అన్నారు మరంగోన్ గారు. నీవెస్ చెప్పింది. ఆవిడ చేతికి తొడుగు వేసుకుని, మిషను వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమారు. కాసేపటికి గాని దొరకలేదు. టక్కుమన్న చప్పుడుతో పాటే సన్నటి కూత మొదలైంది. చెవులకు అంత ఇంపుగా లేదు.

"ఇక్కడొక మీట ఉందా?" అన్నాడు కెప్టెన్. వంగి చూశాడు. "ముందు వైపు పెట్టొచ్చుగా!"

"ఈ మిషను అంతే సార్. సెప్టెంబరులో వచ్చింది. దానితో మేడం రోజూ తగాదా పడేవారు."

మరంగోన్ గారు ఒక స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఇప్పుడు చెప్పు. మా అత్తగారికి చెప్పినట్టు చెప్పాలి. ఆవిడకి కుట్టుమిషను తప్ప మరో మిషను తెలీదు."

నీవెస్ నా వైపు చూసింది. ఎర్సీలియా ఈ సంగతి నాకు ఎలా చెప్పిందో ఆమెకు తెలుసు. అదే మాటల్లో మొదలుపెట్టింది.

"డబ్బాలో ఒక చిప్ ఉంది. అందులో వెంట్రుక కంటే చాలా సన్నటి కమ్మీ ఉంది. కరెంటుతో దాన్ని ఊపుతాం. కొంచెం ఊపితే బుద్ధిగా ఊగుతుంది. రెట్టింపు తోస్తే రెట్టింపు ఊగుతుంది. గట్టిగా ఊపామనుకోండి, బుద్ధి మారుతుంది. కొన్ని కమ్మీలు బిగుసుకుంటాయి, కొన్ని మెత్తబడతాయి. అప్పుడు ఒకే తోపుకి, ఒకే సంఖ్య దగ్గర, అంటే సెకనుకి అన్నే వేలసార్లు తోసినా, రెండు రకాలుగా ఊగగలదు. పెద్దగా ఊగొచ్చు, చిన్నగా ఊగొచ్చు."

"ఏదో ఒకటి చెయ్యాలిగా. ఎలా తేల్చుకుంటుంది?"

"మనం ఏ పక్క నుంచి వచ్చామన్న దాన్ని బట్టి. చిన్న సంఖ్యలు ఎడమ, పెద్దవి కుడి. ఇంట్లో అటక ఉందనుకోండి. నిచ్చెన ఎడమ పక్కనే ఉంది. ఎడమ నుంచి వచ్చినవాడు నిచ్చెన ఎక్కి అటక మీద నడుస్తాడు. కుడి నుంచి వచ్చినవాడు అటక కింద నుంచి నడుస్తాడు. మధ్యలో ఇద్దరూ ఒకే చోట ఉంటారు. ఒకడు పైన, ఒకడు కింద."

"అటక మీదున్నవాడు పడిపోతే?"

"కిందే ఉండిపోతాడు. ఉన్నచోటు నుంచి పైకెక్కలేడు. మళ్ళీ నిచ్చెన పక్కకి వెళ్ళి రావాలి. బల్లకి దెబ్బ తగిలి వైరు ఒక్క క్షణం వదులైనా చాలు, పడిపోతుంది."

మరంగోన్ గారు బల్ల అంచు వైపు చూసి, చప్పున నా వైపు చూశారు. నేను తల ఊపాను. వినగలనని ఆవిడకు తెలియాలి.

"కాబట్టి ఆమె పడ్డప్పుడు ఇదీ పడింది," అన్నాడు కెప్టెన్. "దానికి ఇంత కథ ఎందుకు? ఆమె పడిందని నాకు ముందే తెలుసు."

"పడి ఊరుకోలేదు సార్." నీవెస్ తెర మూలకు వేలు చూపించింది. "మిషనులో చివరిసారి ఏ దారిన నడిపారో అది అలాగే ఉండిపోతుంది. చూడండి. మొదలు 30.85. అక్కణ్ణుంచి పెద్ద సంఖ్యల వైపు, 31.60 దగ్గర ఆపారు. అంటే ఎడమ నుంచి వచ్చారు. ఎవరో దీన్ని తిరిగి పైకి తేవాలని చూశారు."

"మరి పైకి రాలేదేం?"

"ఈ చిప్‌కి నిచ్చెన కుడి పక్కనుంది. ఇది మెత్తబడే రకం. మేడం కొత్తగా చేసింది. ఆ గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాతది తీసి దీన్ని పెట్టాం. నేనే నా చేత్తో పెట్టాను. కుడి నుంచి పైకి తెచ్చి, అటక మీద వదిలి వెళ్ళాను. 30.85 పాత చిప్ సంఖ్య. ఇంకొంచెం ఎడమకి పోతే మరో ఊపొచ్చి పట్టుకునేది. ఆ చోటు కనుక్కోవడానికి నెలంతా తంటాలు పడ్డాం."

"పాతది ఎప్పటి నుంచి ఉంది?"

"మిషనుతో పాటే. సెప్టెంబరు నుంచి."

"ఎందుకు మార్చారు?"

"పాతది బిగుసుకునే రకం. చిన్న కుదుపుకే అటక మీంచి జారిపోతోంది. అలారం ఉన్న ఈ మిషను బండి మీద ఉండదు. జారి కింద పడ్డాక ఏం జరిగినా 'అంతా బాగుంది' అనే చూపిస్తుంది. దాన్ని రైలు ఇరుసుల్లో బిగించాలని బేరం. ఇరుసు పగుళ్ళిస్తే ముందే చెప్పాలన్నమాట. కొనేవాళ్ళకి సోమవారం నిజం చెప్పేస్తానని మేడం అన్నారు."

మరంగోన్ గారు కెప్టెన్ వైపు తిరిగారు. "విన్నావుగా. ఇక్కడికి వచ్చినవాడికి పాత చిప్ సంఖ్య నోటికొచ్చు. ఆ మధ్యాహ్నం చిప్ మార్చారని మాత్రం తెలీదు. ఈ పిల్ల చేత్తో మార్చి, అయిదు గంటల్లో మర్చిపోయిందా?"

"మర్చిపోలేదు. కావాలనే తప్పుదారి పెట్టింది. మనం ఇలా అనుకోవాలని."

"తల పగిలిన మనిషి పక్కన నిలబడి, పదిమందిలో ఒక్కడికి కూడా అర్థంకాని అబద్ధం అల్లిందా? ఎవరి కోసమయ్యా? నీ కోసమా? నువ్వు ఈ తెరకేసి మూడు వారాల్లో ఒక్కసారైనా చూశావా?"

కెప్టెన్ మొహం ఎర్రబడింది. "నాకు మనిషి కావాలి మేడం. అంకె కాదు. కోర్టులో అటకా నిచ్చెనా అంటే నవ్వుతారు."

"మనిషినే ఇస్తాను. ముందు ఆ అంకెని ఫోటో తియ్యి. తీశాక చెరిపేద్దాం."

"ఆధారం చెరుపుతారా!"

"ఇంకాసేపట్లో మెయిన్ ఆపి మొత్తం చెరిపేది నువ్వే కదా."

అతను ఫోటో తీశాడు. రెండోసారి దగ్గరగా తీశాడు. తరువాత మరంగోన్ గారు చెప్పినట్టు నీవెస్ మొదలు సంఖ్యను చెరిపింది. తెర మూల ఖాళీ అయింది. కూత మాత్రం సాగుతూనే ఉంది.

"ఈ సంఖ్య ఇంకెవరికి తెలుసమ్మా?"

"మేమిద్దరమే ఈ గదిలో పనిచేసేది. ఫుల్వియో గారు ఈస్టర్ నుంచి పై అంతస్తులోనే. 'ఊపులు మీవి, అమ్మకాలు నావి' అంటుంటారు."

ఆ పేరు వినగానే నాకు కాస్త ఊరట కలిగింది. ఫుల్వియో బెర్గమాస్కి ఈ కంపెనీ యజమాని. ఎర్సీలియాకు కాలేజీ నాటి స్నేహితుడు. ఆమె పోయిన రోజు నుంచి నన్ను ఒంటరిగా వదలలేదు. శవపేటికలో ఆమెకు ఏ బట్టలు వేయాలో నాకు తోచనప్పుడు, అలమారలోంచి నీలం గౌను తీసి ఇచ్చింది అతని భార్య. చర్చిలో నా మోచెయ్యి పట్టుకుని నిలబెట్టింది అతను. రోజూ సాయంత్రం వాళ్ళింటి నుంచి వేడి సూపు వచ్చేది. ముప్పయ్యో రోజు ప్రార్థనకు పూలు కూడా తనే చెప్పానన్నాడు. ఆ మూడు వారాలు నేను ఎలా బతికానని ఎవరైనా అడిగితే ముందు అతని పేరే చెప్పేవాణ్ణి.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. గది అప్పగింతకు సంతకం పెట్టడానికి అతనే వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది.

"తార్చీజియో! నిన్ను ఈ గదికెందుకు తీసుకొచ్చారు వీళ్ళు?" అంటూ నేరుగా నా దగ్గరకు వచ్చి కుడిచేత్తో నన్ను దగ్గరకు తీసుకున్నాడు. "రాత్రి తిన్నావా? రిజోట్టో అన్నం తెచ్చాను. ఇవాళైనా గిన్నె ఖాళీ చేసి పంపు. మా ఆవిడ నన్ను తిడుతోంది. ఏమిటీ మోత? ఇది నువ్వు వినాలా?"

నన్ను వదలకుండానే ఎడమచెయ్యి మిషను వెనక్కి పోనిచ్చాడు. టక్కుమంది. కూత ఆగిపోయింది.

"హమ్మయ్య," అన్నాడు.

"ధన్యవాదాలు, ఫుల్వియో," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ కూత ఆగినందుకు నాకు ప్రాణం తెరిపిన పడినట్టయింది. కెప్టెన్ ముందుకు ఒక అడుగు వేసి ఎందుకు ఆగిపోయాడో, మరంగోన్ గారు అతని వైపు చూసి కనురెప్పలు ఎందుకు వాల్చారో ఆ క్షణాన నాకు తట్టలేదు.

"మీరు రావడం మంచిదైంది, బెర్గమాస్కి గారూ," అన్నారు ఆవిడ. "ఒక్క సాయం చేసిపెట్టాలి. పన్నెండింటికి కరెంటు తీసేస్తారు. భార్య చేసినదాన్ని ఒక్కసారి అటక మీద, అదే, పైన చూడాలని మాస్టారి కోరిక. ఈ పిల్లని ముట్టుకోనివ్వలేం. ముద్దాయి కదా."

నేను అలాంటి కోరిక చెప్పలేదు. అయినా ఆవిడ అన్నాక, అది నా కోరికే అనిపించింది.

"నేనా? నేను ఈస్టర్ తరవాత ఈ గదిలో అడుగు పెట్టలేదమ్మా. కెప్టెన్ గారికి రాసిచ్చాను కూడా."

"అయితే పోనీండి. మీ చేతకాదేమో."

అతను నా మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో తెలియదు. "తార్చీజియో కోసం చూస్తాను," అని టిఫిన్ డబ్బా కింద పెట్టి మిషను ముందు నిలబడ్డాడు. నేను అతని వెనకే ఉన్నాను. వేళ్ళు మీటల మీద వెతుక్కోలేదు. నాలుగు అంకెలు నొక్కాడు.

30.85.

ఒకటో తరగతి పిల్లలకు అంకెలు నేర్పి బతికినవాణ్ణి. అంకెను మరోలా చదవడం నాకు చేతకాదు.

సంఖ్య నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పెరగసాగింది. ఫుల్వియో ఒక్కడే మాట్లాడాడు. ఎర్సీలియా కాలేజీలో ఎంత మొండిగా ఉండేదో, లెక్క తప్పితే ప్రొఫెసర్‌నైనా ఎలా నిలదీసేదో చెప్పాడు. అవన్నీ నిజాలే. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు కూడా నిజమే. నేను అతని మెడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంకేదైనా వివరణ ఉండాలని, ఏదో ఒకటి దొరకాలని కోరుకున్నాను. మూడు వారాల సూపు నా లోపల ఉంది.

సంఖ్య 31.60 చేరి ఆగింది. ఊపు కింద ఉన్నదల్లా కిందనే ఉంది.

"లేవదేం?" అన్నాడు ఫుల్వియో.

"ఎంతసేపు పట్టింది?" అన్నారు మరంగోన్ గారు.

"పావుగంట. ఎప్పుడూ అంతే పడుతుంది. తొందరపెడితే జారిపోతుంది."

"ఎప్పుడూ?"

అతను తిరిగి చూశాడు.

"మీరు ఈ గదికి ఈస్టర్ నుంచి రాలేదు. ఆ సంఖ్య సెప్టెంబరులో పుట్టింది. ఎవరు చెప్పారు మీకు?"

"ఎర్సీలియా చెప్పి ఉంటుంది. ఎప్పుడో. ఫోనులో."

"అయితే ఆ చిప్ తీసేసిన సంగతి చెప్పలేదా?"

"ఏ చిప్?" అన్నాడు. అతని చూపు ఉక్కు డబ్బా మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఇంతసేపూ గోడకు ఆనుకుని ఉన్న కెప్టెన్ కదిలాడు. తలుపు మూసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"బెర్గమాస్కి గారూ, సంఖ్య సంగతి నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఒకటి మాత్రం అర్థమైంది. మూడు వారాలుగా ఈ గదికి వస్తూపోతూ ఉన్నా, మోత ఆపే మీట వెనక ఉందని నాకు ఈ పొద్దుటిదాకా తెలీదు. ఇందాక ఈవిడ కూడా తడుముకున్నారు. మీరు చూడను కూడా చూడకుండా నొక్కారు. మిషనూ సెప్టెంబరుదే. కూర్చోండి. ఏం చెప్పాలన్నా వకీలుని పిలిపించుకుని చెప్పే హక్కు మీకుంది." తరువాత ఆవిడ వైపు తిరిగాడు. "నేను ఆ ఒక్క సాయంత్రం కార్డులే చూశాను, ఇన్‌స్పెక్టర్ గారూ. మిగతా రోజులవి చూడలేదు. తప్పు నాది."

'మాజీ' అనలేదు. ఆవిడ కూడా గమనించే ఉంటారు.

ఫుల్వియో వకీలును అడగలేదు. నా వైపే చూశాడు.

"ఆదివారాలు కొనేవాళ్ళని తెచ్చి చూపించేవాణ్ణి. మీరంతా మీ ఇంట్లో భోజనం దగ్గర ఉండేవాళ్ళుగా. ఆ రోజు మాట్లాడాలని తలుపు కొట్టాను. తనే తీసింది. సోమవారం చెప్పేస్తానంది. నేను తొయ్యలేదు, తార్చీజియో. చెయ్యి పట్టుకున్నాను, అంతే. విదిలించుకుంది. వెనక్కి పడింది."

"పడ్డాక?"

"అలారం మోగింది. ఆపాను. ఇది పైన ఉంటే ఏమీ జరగనట్టే ఉంటుందనుకున్నాను. పైకి తేవాలని చూశాను. రాలేదు."

పావుగంట. డాక్టరు రాసింది అరగంట. నాకు వేరే లెక్క అక్కర్లేదు.

"ఆ పావుగంటా ఆమె బతికే ఉంది," అన్నాను. నా గొంతు తరగతిలో మాట్లాడినట్టే వచ్చింది. "ఏమైనా అందా?"

ఫుల్వియో నా మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఏదో అంది. నేను తెర వైపు చూస్తున్నాను."

నీవెస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మహిళా కానిస్టేబులు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కాపలా చెయ్యి కాదు అది.

పన్నెండు దాటింది. మెయిన్ దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు.

"అమ్మాయ్," అన్నారు మరంగోన్ గారు మెల్లగా, "నువ్వు చెయ్యి." కెప్టెన్ వద్దనలేదు.

నీవెస్ వచ్చి మిషను ముందు నిలబడింది. పెద్ద సంఖ్య నొక్కింది. కుడి నుంచి మొదలుపెట్టింది. తెర మీది గీత కొంతదూరం నేలబారుగా వచ్చి, చిన్నగా తల ఎత్తింది. తరువాత ఎక్కడం మొదలుపెట్టింది. ఆగకుండా, జారకుండా ఎక్కుతూ వచ్చి 31.60 దగ్గర పైన నిలిచింది. వెంట్రుక కంటే సన్నటి ఆ కమ్మీని నేనెన్నడూ కంటితో చూడలేదు, చూడలేను. అతను ఎన్నిసార్లు పిలిచినా లేవకుండా మూడు వారాలు కిందనే ఉండి మాకోసం ఎదురుచూసినందుకు దానికి దణ్ణం పెట్టాలనిపించింది. నీవెస్ చేతులు రెండూ పట్టుకుని ఊరుకున్నాను.

"ఈ ఆదివారం పొలెంటా నేనే కలుపుతాను," అన్నాను. "అడుగంటడం ఖాయం."

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడే మరంగోన్ గారు ఫుల్వియోను అడిగారు. "సోమవారం ఆమె చెప్పలేకపోయింది. మరి అమ్మడానికి చేసిన పాత రకం చిప్పులు ఏమయ్యాయి?"

అతను తల ఎత్తలేదు.

"పంపేశాను."

"ఎక్కడికి?"

"లోకల్ బళ్ళకి బిగించారు. నిన్నటి నుంచి నడుస్తున్నాయి."

"ఏ లైను?"

"పావియా నుంచి మొదలయ్యే బళ్ళన్నిటికీ."

అంతవరకూ ఏ మాటకూ తొణకని మరంగోన్ గారు ఫోను తీయబోయి జారవిడిచారు. వంగి తీసి ఇచ్చాను. కెప్టెన్ అప్పటికే తన ఫోనులో రైల్వే కంట్రోల్ రూము కోసం ఎవరినో కసురుతున్నాడు. వాళ్ళు అతన్ని లైనులో ఆగమంటున్నారు. ఆవిడ కొడుక్కి చేశారు. బండి నడిపేటప్పుడు ఎలీజియో ఫోను ఎత్తడు. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఒకటో తరగతిలో పెద్దముల్లు ఎక్కడుందని అడిగితే, జవాబు చెప్పేముందు వేలు పెట్టి సరిచూసుకునే పిల్లవాడు నా కళ్ళముందు కనిపించాడు.

"అమ్మా, తొందరగా చెప్పు," అన్న గొంతు నాకు కూడా వినిపించింది. "స్టేషన్లోనే ఉన్నాను. ఇంకో నిమిషంలో బయల్దేరాలి."

మరంగోన్ గారు గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు.

"నాన్నా, దిగిపో," అన్నారు. "అందర్నీ దింపెయ్యి. ఇవాళ ఒక్కరోజు ఆలస్యమవు."